పసుపు కింద గిన్నీ

ఎల్లారెడ్డికి పడమరగా, నిజాంసాగర్ నీళ్ళు వచ్చి ఆగే అంచుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఈరవ్వ అనే ఆమె ఉండేది. కురుమలు. కొన్ని గొర్లు, ఒక గొంగడి మగ్గం, అవి కడుపు నింపనప్పుడు దొర పొలంలో కూలి. ఊళ్ళో ఆమెకు పిరికిదని పేరు. కుక్క మొరిగితే లేచి కూర్చుంటుందనీ, పట్వారీ వాడలో దగ్గితే తలుపుకు గొళ్ళెం పెడుతుందనీ ఆడవాళ్ళు బావి దగ్గర నవ్వుకునేవాళ్ళు. నవ్వే వాళ్ళకేం, నవ్వుతారు. వాళ్ళ ఇళ్ళల్లో దాచుకోవడానికి ఏముంది గనుక? ఈరవ్వ ఇంట్లో బంగారం ఉంది. ఆ సంగతి ఆమెకు తప్ప ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. కడుపున పుట్టిన కొడుకు మైసన్నకు కూడా తెలియదు.

ఆ బంగారం తెచ్చింది ఆమె పెనిమిటి బాలయ్య. అతను నిజాం గుర్రపు పటాలంలో సాయిసుగా చేరాడు. గుర్రాలకు మేత వేయడం, మాలీసు చేయడం, లద్దె ఎత్తడం అతని పని. పెద్ద యుద్ధం వచ్చినప్పుడు గుర్రాలను ఓడ ఎక్కించి మిసర్ దేశానికి, అంటే ఈజిప్టుకు, పంపుతూ, వాటి వెంట బాలయ్యనూ పంపారు. ఏళ్ళు గడిచాయి, కబురు లేదు. ఈరవ్వ గాజులు తీయించాలా వద్దా అని కులపెద్దలు గుసగుసలాడుకుంటున్న రోజుల్లో, నల్లగా మాడిపోయి, ఎముకల గూడై మనిషి తిరిగొచ్చాడు. నడుముకు కట్టుకున్న గుడ్డలో ఒకే ఒక్క గిన్నీ ఉంది.

గిన్నీ అంటే ఇంగ్లీషు వాళ్ళ బంగారు నాణెం. ఒక పక్క గడ్డం రాజు తల. రెండో పక్క గుర్రం మీద ఒక వీరుడు చేతిలో కత్తితో ఉంటాడు, గుర్రం డెక్కల కింద ఒక రాకాసి మృగం పడి ఉంటుంది. బొంబాయి రేవులో దిగి జీతం చేతికి రాగానే తోటివాళ్ళు కోట్లు, అత్తర్లు కొనుక్కుంటుంటే బాలయ్య సరాఫు దుకాణంలో ఆ నాణెం చూసి ఆగిపోయాడు. ఆ వీరుడు ఇంగ్లీషు వాళ్ళు కొలిచే ఎవరో మహాత్ముడని అతనికి ఎవరు చెప్తారు? గుర్రం, కత్తి, కింద రాక్షసుడు. కురుమ బిడ్డకు ఆ బొమ్మలో కులదేవుడు మల్లన్న కాక ఇంకెవరు కనబడతారు? ఇన్నేళ్ళు గుర్రాల మధ్య బతికించి ఇంటికి తెచ్చిన దేవుడు ఇంగ్లీషు వాళ్ళ బంగారం మీద కూడా ఉన్నాడని సంబరపడి, ఉన్నదంతా పెట్టి కొన్నాడు.

ఈరవ్వ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మల్లన్న ఒంటి మీద బట్టలు లేవేందని అడిగింది. లడాయిలో బట్టలు ఎవరికి నిలుస్తాయి, నేనెట్లా వచ్చానో చూడలేదా అని బాలయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు. బంగారం చేతిని తాకిన గడియ నుంచి ఆమెకు గుండె దడ మొదలైంది.

నాణేన్ని దేవుని బుట్టలో పెట్టారు. అందులో తాతల నాటి వెండి బిళ్ళలు ఉన్నాయి. ప్రతి ఆదివారం వాటికి బండారి, అంటే మల్లన్న పసుపు, పూస్తారు. ఈరవ్వ గిన్నీకీ పూసింది. దులిపింది లేదు, కడిగింది లేదు. ఏడాది తిరిగేసరికి రాజు గడ్డం మాయమైంది, గుర్రం మాత్రం మసకగా మిగిలింది. ప్లేగు వచ్చిన ఏడు బాలయ్య జ్వరంతో పడి ఉండి, గొర్లు కాచుకునేటోని ఇంట్లో బంగారం ఉందని తెలిస్తే ఎక్కడిదని అడుగుతారు, ఏం చెప్పినా నమ్మరు, ఎవరికీ చెప్పకు అన్నాడు. అదే అతని చివరి మాట. పెళ్ళాం పిరికిదని తెలిసిన మనిషి చెప్పాల్సిన మాటేనా అది? ఆ రోజుకు మైసన్న పిల్లవాడు. బుట్టలోది ఏంటని ఎప్పుడో అడిగితే, ఇత్తడి బిళ్ళ అని చెప్పింది. వాడు సరే అన్నాడు.

తర్వాత బంగారం ధర ఎగిరిన రోజులు వచ్చాయి. లండన్‌లో సర్కారు తన నోటుకు బంగారం ఇవ్వనని చేతులెత్తేసిందట. దాంతో ఇక్కడ గిన్నీకి పాత ధర పోయి కొత్త ధర వచ్చింది. పంటకు ధర లేదు, బంగారానికి ఉంది. అందుకని కామారెడ్డి షావుకార్లు ఊరూరా తిరిగి ముక్కుపుడకల నుంచి కాసుల పేర్ల దాకా కొని, రైలెక్కించి బొంబాయి పంపారు. అక్కడి నుంచి ఓడల్లో లండన్‌కే పోయిందట. యుద్ధంలో సముద్రం మీద ఓడలకు గండం ఉందని ఒక్క ఏడాది బొంబాయిలోనే గిన్నీలు కొట్టారు, బాలయ్య తెచ్చింది అప్పటిదే. కొట్టిన చోటికే కరగడానికి తిరిగి పోతున్న కాలం అది. ఈరవ్వకు ఇవేవీ తెలియవు. షావుకారు గుర్రబ్బండి ఊళ్ళోకి వచ్చిన ప్రతిసారీ ఆమె దేవుని బుట్ట మీద గొంగడి కప్పి, దాని ముందు కూర్చునేది. అమ్మితే దేవుణ్ణి అమ్మినట్టు. అమ్మకపోతే ఎవడో ఒకడు కనిపెడతాడు. ఈ రెండు భయాల మధ్య ఆమె జుట్టు నెరిసింది.

అసలు గండం వానలు తప్పిన ఏడు వచ్చింది. నిజాంసాగర్ కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్ళు కొన్ని ఉన్నాయి. ఆ ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయి, బురదలోంచి వాటిలో ఒక ఊరి గోడలు బయటపడ్డాయి. కోటలాంటి తన గడికి ప్రహరీ కట్టించుకుంటున్న దొర, ఊరికే పడి ఉన్న రాళ్ళను వదులుతాడా? కూలోళ్ళను పంపాడు. మైసన్న పోయాడు. ఒకప్పుడు ఒక షావుకారు ఇల్లున్న చోట అతని గడ్డపార కింద కుండ ఖంగుమంది. మట్టి తీసి చూస్తే గిన్నీలు.

భూమిలో దొరికిన నిధిని సర్కారు మాటలో దఫీనా అంటారు. అది సర్కారుది. దాచినవాడికి జైలు. కుండ అంచు దాకా నిండలేదు, పైన కొంత వెలితి ఉంది. ఆ వెలితిని ఎవరు తిన్నారన్నది ప్రశ్న. షావుకారు దాచిందే అంత అయ్యుండొచ్చని ఎవరికీ తోచలేదు. లేక తోచినా ఒప్పుకోలేదు. అందరి కంటే ముందు పోలీసు పటేలు కుండలో చేయి పెట్టాడని కూలోళ్ళు తమలో తాము అనుకున్నారు. గట్టిగా అనడానికి ఎవరికి ప్రాణం మీద తీపి లేదు? పటేలు వెంటనే గడ్డపార ఎవరిదని అడిగి, మైసన్నను తీసుకుపోయి గడిలో గుర్రాల కొట్టంలో కట్టేశాడు. పోలీసు అధికారి అమీన్ సాబు వచ్చి విచారణ చేస్తాడనీ, అంతలో ఇళ్ళన్నీ సోదా చేస్తారనీ డప్పు కొట్టించారు.

డప్పు చప్పుడు వినగానే ఈరవ్వ దేవుని బుట్ట దగ్గరికి పరుగెత్తింది. కొడుకును కొడుతున్నారని కబురు రావడం, ఇంట్లో గిన్నీ ఉండటం. రెండూ కలిస్తే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మిసర్ అంటారా, యుద్ధమంటారా, చచ్చిపోయిన బాలయ్య వచ్చి సాక్ష్యం చెప్తాడా? నాణేన్ని జొన్నల గుమ్మిలో వేసింది. గుమ్మి బోర్లిస్తారని తీసింది. ఇంటి కప్పులో దోపింది. కప్పు పీకుతారని తీసింది. చెరువులో పారేద్దామని బయలుదేరి, దేవుణ్ణి నీళ్ళలో వేస్తే కొడుకు తిరిగి వస్తాడా అని సగం దారిలో కూలబడి ఏడ్చింది. అక్కడ కూర్చున్నప్పుడే ఆమెకు ఒక తెలివి తోచింది. తోచకుండా ఉంటే ఎంత బాగుండేదో.

దేవుని బిళ్ళలు అరిగిపోతే ఔసులాయన దగ్గర కరిగించి, అదే లోహంతో కొత్త బిళ్ళ కొట్టించుకోవడం వాళ్ళ కులంలో ఉన్న రివాజే. ఔసులాయన అంటే కంసాలి. గిన్నీని కూడా అట్లా కరిగిస్తే? రాజు తల పోతుంది, ఇంగ్లీషు అక్షరాలు పోతాయి, మల్లన్న బిళ్ళ మిగులుతుంది. దేవుని బిళ్ళను దఫీనా అని ఎవడంటాడు? దేవుడూ దక్కుతాడు, కొడుకూ దక్కుతాడు. పుట్టింట్లో చావు అని వాడలో అబద్ధం చెప్పి, వడ్ల బండి ఒకటి పోతుంటే అందులో కూర్చుని కామారెడ్డి పోయింది. మాచారెడ్డి వైపు పోయే తొవ్వ మొదట్లో లక్ష్మీరాజం అనే ఔసులాయన కొట్టు ఉంది. వాళ్ళ కులపోళ్ళ బిళ్ళలు కొట్టేది ఆయనే.

లక్ష్మీరాజం మంచివాడు. బక్కమనిషి, పిల్లలు గలవాడు. బిళ్ళ తీసుకుని చాకుతో పసుపు గీకాడు. పెచ్చులు పెచ్చులుగా ఊడింది. లోపల్నుంచి గడ్డం రాజు ఇప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తూ చూశాడు. ఔసులాయన చేయి ఆగిపోయింది. దఫీనా సంగతి కామారెడ్డి దాకా పాకింది మరి. తలుపు దగ్గరికి వేసి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పవ్వా, గిది యాడిది?"

"నా పెనిమిటి లడాయికి పోయి తెచ్చిండయ్యా. మల్లన్న ఆన."

ఆమె కళ్ళల్లోకి చూశాడు. నమ్మాడు. నమ్మినా భయం పోలేదు. వద్దంటే ఆ మనిషి అక్కడే పడి ఏడ్చేట్టుంది, ఏడిస్తే బజారు వింటుంది. అందుకే గబగబా కుంపటి రాజేశాడు. మూసలో పడేసి ఊదుగొట్టం ఊదాడు. ముందు రాజు తల చుట్టూ ఉన్న అక్షరాలు కరిగాయి, తర్వాత గడ్డం, తర్వాత అటుపక్క గుర్రం. ఈరవ్వ రెండు చేతులూ జోడించి నిలబడింది. ముద్దను రేకుగా సాగగొట్టి, కంచు అచ్చు మీద పెట్టి సుత్తితో కొడితే మల్లన్న లేచాడు. ఈసారి ఒంటి నిండా బట్టలున్నాయి. నువ్వు నా కొట్టుకు రాలేదు, నేను నిన్ను చూడలేదు అని మూడుసార్లు చెప్పి ఆమెను పంపించాడు.

ఇంటికి వచ్చి కొత్త బిళ్ళకు పసుపు పూసి బుట్టలో పెట్టింది. చాన్నాళ్ళ తర్వాత ఆ ఒక్క పూట ఆమెకు ఊపిరి ఆడింది.

సోదా మర్నాడు పొద్దున వచ్చింది. పటేలు మనుషులు గుమ్మి బోర్లించారు, కప్పు పీకారు. అమీన్ సాబు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి దేవుని బుట్ట ముందు కూర్చున్నాడు. మర్యాదగలవాడే. వెండి బిళ్ళల మీద తరాల పసుపు గట్టిపడి నల్లగా మారి ఉంది. ఒక్క బిళ్ళ మీద మాత్రం పసుపు ఇంకా తడి ఆరలేదు. ఆయన దాన్ని బొటనవేలితో రుద్దితే కొత్త బంగారం మెరిసింది. ఇన్నేళ్ళూ ఆ నాణేన్ని కాపాడిన పసుపును ఈరవ్వ తన చేతులారా ఔసులాయన చాకుకు అప్పగించింది. ఆ ముక్క ఆమెకు అప్పుడు తట్టింది.

చావడికి తీసుకుపోయారు. తడబడుతూనే ఉన్నదున్నట్టు అంతా చెప్పింది. బాలయ్య, మిసర్, బొంబాయి, గిన్నీ, కరిగించడం. ఇంకేం దాచినా కొడుకు బతకడని ఆమెకు అర్థమైంది. అమీన్ సాబు ఒక జవానును కామారెడ్డి పంపించి, లక్ష్మీరాజాన్ని పిలిపించాడు. ఆయన వచ్చాడు. పంచె అంచు పట్టుకుని నిలబడ్డాడు. దఫీనా బంగారం కరిగించినట్టు తేలితే కొట్టు పోతుంది, మనిషి పోతాడు, పిల్లలు వీధిన పడతారు. ఈరవ్వ ముఖం వైపు చూడకుండా, ఈమె ఎవరో నాకు తెలియదు దొరా అన్నాడు. తిట్టాలంటే ఎన్నైనా తిట్టొచ్చు ఆయన్ను. ఆ చావడిలో ఆ పూట భయపడని మనిషి ఒక్కడుంటే వాడు తిట్టాలి.

ఔసులాయన్ను పంపేశాక అమీన్ సాబు కుండలోని గిన్నీలు కొన్ని తన ముందు బల్ల మీద పోశాడు. అన్నిటి మీదా ముసుగు వేసుకున్న ముసలి రాణి. షావుకారు వాటిని దాచింది రాణి కాలంలో, రాణితోపాటే ఆయనా పోయాడట. గడ్డం రాజు గద్దెనెక్కేనాటికి ఆ కుండ మట్టి కింద ఉంది.

"గీటిల రాజు బొమ్మది ఒక్కటి లేదు," అన్నాడు ఆయన మెల్లగా. "నీది రాజు బొమ్మదే అయితే, గట్లనే తెచ్చి నా ముంగట పెడితే, సాల్ చూసి నీ కొడుకును గప్పుడే ఇడిచిపెడుదు. ఎందుకు కరిగించినవ్?"

నాణెం మీద ఏ ఏడు కొట్టారో రాసి ఉంటుందని ఈరవ్వకు తెలియదు. రాజులు మారితే బొమ్మ మారుతుందని తెలియదు. ఏ మొహాన్ని చూసి ఇన్నేళ్ళు వణికిందో, ఏ మొహం మాసిపోవాలని కామారెడ్డి దాకా పోయిందో, ఆ మొహమే కొడుకును విడిపించేదట. కుంపటి ముందు చేతులు జోడించి మరీ దాన్ని కరిగించుకుంది.

దొంగ దొరకనిదే కేసు మూయలేనని అమీన్ సాబు అన్నాడు. కొడుకు ఒప్పుకుంటే శిక్ష తక్కువ, లేకుంటే పెద్ద కచేరీకి పంపాలి అన్నాడు. పటేలు, ఇంకో రెండు పూటలు మాకు ఇవ్వండి, ఒప్పిస్తాం అన్నాడు. ఆ రెండు పూటల తర్వాత మైసన్న ప్రాణంతో ఉండడని ఈరవ్వకు ఆ గొంతులోనే తెలిసింది. జీవితంలో మొదటిసారి, భయపడటానికి ఆమెకు తీరిక లేకపోయింది.

"నేనే ఏరుకున్న," అంది.

కొడుకుకు జొన్న గట్క తీసుకుని రాళ్ళ దగ్గరికి పోయాననీ, బురదలో ఒకటి మెరిస్తే కొంగున కట్టుకున్నాననీ, వాడికి తెలియదనీ, ఇందాక చెప్పిందంతా బొంకనీ చెప్పింది. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం. నిజం చెప్పినప్పుడు తడబడిన నోరు ఇప్పుడు ఒక్క మాట తడబడలేదు. అమీన్ సాబు నమ్మాడో లేదో మల్లన్నకే తెలియాలి. కేసు మూయడానికి ఆయనకు ఒక దొంగ చాలు. కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు, మైసన్నను విడిచిపెట్టమన్నాడు.

మైసన్నను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. వీపు చీలి ఉంది, ఒక కన్ను మూసుకుపోయింది. జవాన్లు తల్లి చేతులకు తాడు కట్టడం చూసి, ఎందుకని అడిగాడు. పటేలే చెప్పాడు, నవ్వుతూ. మైసన్న ఆ ఒక్క కన్నుతో తల్లిని చూశాడు.

"నువ్వు తీసినవా అవ్వా?"

పక్కనే అమీన్ సాబు ఉన్నాడు, పటేలు ఉన్నాడు. కాదంటే తాడు మళ్ళీ వాడి చేతులకు పోతుంది.

"తీసిన బిడ్డా."

ఆమెను బండి ఎక్కిస్తున్నప్పుడు వాడు అటు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ వానాకాలం, చలికాలం ఈరవ్వ జైలులో గడిపింది. అక్కడ ఆమెకు కొట్టడం గురించి భయం లేదు, తిండి గురించి లేదు. ఇంటికి పోయాక కొడుకుకు నిజం ఎట్లా చెప్పాలా అన్న ఒక్క ఆలోచనే. మాటలు కూర్చుకునేది, చెరిపేసేది, మళ్ళీ కూర్చుకునేది. తిరిగి వచ్చేసరికి మైసన్నకు పెళ్ళయింది. కోడలు గంగామణి కాళ్ళకు నీళ్ళిచ్చింది. వాడు తల్లికి గొంగడి పరిచాడు, గట్క పెట్టించాడు, పనులు చెప్పలేదు. కూర్చో అన్నచోట కూర్చోబెట్టాడు. వాడలో పిల్లలు దఫీనా అవ్వ అని పిలిస్తే కోప్పడ్డాడు. అన్నీ చేశాడు. మొహంలోకి మాత్రం చూడలేదు.

ఒకరోజు గొర్ల బొచ్చు కత్తిరించే పనిలో ఇద్దరే ఉన్నప్పుడు చెప్పింది. మొదటి నుంచి చివరిదాకా, జైలులో కూర్చుకున్న మాటలన్నీ. బాపు ఓడెక్కింది, గిన్నీ తెచ్చింది, పసుపు పూసింది, కరిగించింది, ఔసులాయన మాట మార్చింది, నిన్ను విడిపించడానికే ఒప్పుకున్నది. మైసన్న కత్తెర ఆపి చివరిదాకా విన్నాడు. కోపం లేదు. అలసిపోయినట్టు అడిగాడు.

"చిన్నప్పటి సంది ఇత్తడని చెప్తివి. అమీన్ సాబు ముంగట ఏరుకున్ననంటివి. ఇప్పుడు బాపు తెచ్చిండంటున్నవ్. నేను ఏది నమ్మాలె అవ్వా?"

చూపించడానికి ఆమె దగ్గర రాజు బొమ్మ లేదు. మల్లన్న బిళ్ళను కూడా సర్కారు ఎప్పుడో జమ చేసుకుంది. గొర్రె విడిపించుకుని లేవబోతే మైసన్న దాన్ని పట్టుకుని మళ్ళీ కత్తెర ఆడించసాగాడు.

ఈరవ్వ ఆ తర్వాత ఇంకో యుద్ధం మొదలయ్యేదాకా బతికింది. ఇంట్లో బంగారం లేదు గనుక దొంగల భయం పోయింది. జైలు చూసి వచ్చింది గనుక పోలీసుల భయమూ పోయింది. సాయంత్రం గొర్ల మంద అలికిడి వినబడి, మైసన్న ఇంటికి వస్తున్నాడని తెలిసినప్పుడు మాత్రం ఆమె గుండె దడదడ కొట్టుకునేది. లేచి లోపలికి పోయి పొయ్యి వైపు తిరిగి కూర్చునేది.